దిష్టికి కొన్న నిమ్మకాయ

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు మా అన్న జనగామ దవాఖానలో ఉన్నాడు. పాలకుర్తి నుంచి వెళ్లే బస్సులో ఫోను చూస్తూ, ఏ దేశంలో నూరుమంది రోగుల్లో ఎందరు చనిపోతున్నారో పోల్చుకుంటున్నాను.

"ఇటలీ కన్నా మనమే నయం," అని పైకే అనేశాను.

పక్కనున్న అవ్వ నావైపు తిరిగింది. "మీ ఇంట్ల ఎవరికన్న వచ్చిందా బిడ్డా?"

"మా అన్నకు."

"గట్ల చెప్పు." సంచిలోంచి నిమ్మకాయ తీసి నా చేతిలో పెట్టింది. "మా ముసలాయన ఇయ్యాల ఇంటికొస్తుండు. దిష్టి తియ్యనీకి రెండు కొన్న. ఇది మీ అన్నకు. గడప బయట్నే తియ్యాలె, మర్చిపోకు."

ఫోను జేబులో పెట్టేశాను.

వారానికి అన్న ఆటో దిగాడు. గడప బయటే ఆపి, ఎండి గట్టిపడిన ఆ కాయతోనే దిష్టి తీశాను.

"కొత్తది దొర్కలేదారా?" అని కసిరాడు.

ఆ కసురు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.