సీమంతంలో చింపాంజీ

మా ఎదురింటి శ్రీపాదరావు సారుకు ఒకటే జబ్బు. కడుపుతో ఉన్న ఆడమనిషి కనబడితే చాలు, చింపాంజీని తెచ్చి పక్కన నిలబెట్టేవారు. ఆదోనిలో పిల్లలకు సైన్సు చెప్పేవారు లెండి.

ఒకసారి ఎమ్మిగనూరు బస్సులో ఒక నిండు చూలాలు కమ్మీ పట్టుకొని నిలబడి ఉంది. సారు సీట్లో కూర్చున్న మనిషి భుజం తట్టారు.

"లేయప్పా! చింపాంజీ అయినా జాగా ఇస్తాది."

"నన్ను కోతి అంటాండావా సారూ?"

"అన్లేదప్పా. పాతకాలంలో మనకూ దానికీ అవ్వ ఒకతే అంటాండా."

"మా అవ్వ జోలికొస్తావా!" అని ఆ మనిషి కొట్లాటకు లేచాడు. ఖాళీ అయిన సీట్లో చూలాలు కూర్చుంది. ఆమె వదిలిన కమ్మీని సారు పట్టుకున్నారు.

నాకు రెండు కడుపులు నిలవలేదు. ఆ తర్వాత మా తోడికోడలు చంద్రకళకు సీమంతం వచ్చింది. దానికోసం పచ్చగాజులు నేనే ఏరి తెచ్చాను. తీరా తొడిగే వేళకు మా అత్త సరస్వతీబాయి, "నువ్వు వంటింట్లోనే ఉండవే. నీ చేత్తో ఎందుకులే" అంది. పొయ్యి దగ్గర కూర్చున్నాను.

"అక్క యాడ?" అని చంద్రకళ అడుగుతోంది. భార్య తులసీబాయి వెంట వచ్చిన సారు అది విని గడపలోనే ఆగిపోయారు.

"సరస్వతక్కా, కాన్పులో బిడ్డ వెనకాల పడే మావి ఎవరిది?"

"కోడలిదే గదప్పా!"

"అట్లనుకుంటారు. అది బిడ్డతోపాటే పుట్టి పెరిగేది, కడుపు నిలబెట్టేదీ అదే. దాన్ని అల్లే జన్యువుల్లో నీ కొడుకు వాటా కూడా ఉంది. చింపాంజీకీ అంతే, గొరిల్లాకూ అంతే. లక్షల ఏండ్ల నుంచి వస్తాండే యవ్వారం ఇది. కడుపు నిలవలేదని కోడల్ని మూల కూర్చోబెడితే నీ కొడుకునూ కూర్చోబెట్టల్ల."

అరుగు మీద వక్కాకు నములుతున్న మా ఆయన లేచి వచ్చి, వంటింట్లో నా పక్కన కూర్చున్నారు.

మా అత్త నెత్తి కొట్టుకుంది. "శుభమా అని సీమంతం చేసుకుంటాంటే ఈ కోతిపురాణం ఏందప్పా!"

"గొరిల్లా సంగతి ఇంకా మొదలే పెట్టలేదక్కా."

"వద్దు నాయనా! ఒసే, వచ్చి ఆ గాజులు తొడుగుపోవే! ఈయప్ప నోరు మూతపడల్ల!"

తొడిగాను. ఒక్క గాజూ చిట్లలేదు. తులసీబాయి నా చెవిలో అంది: "మా తొలి బిడ్డ పోయినప్పుడు అందరూ నన్నే అన్న్యారు. ఆ పొద్దు పట్టుకున్నాడమ్మా ఆ చింపాంజీని, ఈ పొద్దుకీ ఇడవలేదు."

భోజనాల దగ్గర సారు మా ఆయనకు గొరిల్లా సంగతి మొదలుపెట్టారు. అది అయ్యేదాకా మా ఆయన లేవలేదు. నేను సారు విస్తట్లో ఇంకో ఓళిగ వేసి, నెయ్యి ధారగా పోశాను.