మూడోసారి పిలిచేదాకా

మా ఆయనకి ఆ పిచ్చి పట్టించింది వాళ్ళ ఆఫీసులో పెద్ద ఇంజినీరు. ఆ పెద్దమనిషి కుటుంబంతో మధ్యధరా సముద్రం ఒడ్డుకి వెళ్ళి, తెల్లగా సున్నం కొట్టిన ఇల్లొకటి అద్దెకు తీసుకుని, హాయిగా ఉండి వచ్చి, ఆ ఫోటోలన్నీ గోడ మీద స్లైడ్లు వేసి చూపించాడట. కొండ అంచున ఇల్లు, కింద నీలంగా నీళ్ళు, వరండాలో బల్ల మీద కోసి పెట్టిన పుచ్చకాయ. మా ఆయన ఇంటికొచ్చి చాలా రోజులు ఆ పుచ్చకాయ గురించే చెప్పారు. "మనకి మధ్యధరా ఎక్కడండీ, మనది మధ్యతరగతి" అన్నాను. నవ్వారు గానీ వదల్లేదు. మేముండే పార్సిప్పనీ ఊళ్ళోంచి కారెక్కితే సాయంత్రానికల్లా సముద్రం వస్తుంది కదా, అక్కడే ఒక ఇల్లు బుక్ చేస్తానన్నారు. చేశారు కూడా.

ఎనభైల మొదటి సంవత్సరాలవి. సీజన్లో ఆ ఇళ్ళు మాబోటి వాళ్ళకి దొరికేవి కావు. అందుకని మే చివర్లో, ఇంకా ఎవరూ రాకముందు తీసుకున్నాం. వెళ్ళింది నలుగురం. ఆయన, నేను, ఐదేళ్ళ మా అమ్మాయి, ఆ ఏడు మా దగ్గర ఉండటానికి వచ్చిన మా అత్తగారు. నేను ఆస్పత్రి ల్యాబ్‌లో రక్తాలు పరీక్ష చేసేదాన్ని. మైక్రోస్కోపు కింద కనపడనిది లేనట్టే అనుకునే రకం. నోరు కూడా కాస్త పెద్దదే.

ఇల్లు ఇసుకలో పాతిన కొయ్యస్తంభాల మీద నిలబడి ఉంది. గోడలు వానకీ ఉప్పుగాలికీ బూడిదరంగు తిరిగాయి. వీధి పొడుగునా అలాంటి ఇళ్ళే, అన్నిటి కిటికీలకూ చెక్కలు కొట్టి ఉన్నాయి. రోడ్డు మీద మా కారొక్కటే. లోపల దుప్పట్లన్నీ తేమ వాసన. సముద్రం వైపు చెక్క వరండాలాంటి డెక్ మీద ఒక ఇత్తడి గంట వేలాడుతోంది, దానికి నాలుక లేదు. తాళాలిచ్చిన ఏజెంటమ్మని అడిగితే, ఓనర్లు ఒడ్డున ఆడుకునే పిల్లల్ని అన్నానికి పిలవడానికి కట్టించారు, ఇప్పుడు వాడరు అంది. ఎందుకు వాడరని మా ఆయన అడిగారు. పిల్లలు రావడం మానేశారులెండి అని, ఇంకేదో అనబోయి, కారెక్కేసింది.

మొదటి సాయంత్రం చారుకి పోపు పెడుతున్నాను. డెక్ వైపు నుంచి "అమ్మా" అని వినపడింది. మా పిల్ల గొంతే. పొయ్యి తగ్గించి వెళ్ళి చూశాను. డెక్ మీద ఎవరూ లేరు, మెట్ల మీదా లేరు. వెనక్కి వస్తుంటే బాత్‌రూమ్‌లోంచి నీళ్ళు చిమ్ముకునే చప్పుడు, పిల్ల నవ్వు, వాళ్ళ నాన్న కసురుకోవడం వినపడ్డాయి. అంటే స్నానం ఇంకా కాలేదన్నమాట.

"ఇక్కడి పక్షులు అచ్చం పిల్లల్లా అరుస్తాయి అత్తయ్యా" అన్నాను వంటింట్లోకి వచ్చి.

ఆవిడ వెల్లుల్లి ఒలుస్తున్నవారల్లా ఆగి, "పలికావా?" అని అడిగారు.

"ఎవరికి పలకాలి? పక్షికా?"

"పలకలేదుగా?"

"లేదండీ."

"మంచిపని చేశావు" అని మళ్ళీ వెల్లుల్లి అందుకున్నారు.

మా అత్తగారు సముద్రం పక్క పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. అందుకేనేమో ఆవిడకి సముద్రమంటే ఏమాత్రం మోజు లేదు. చీర మీద మా ఆయన పాత స్వెట్టరు, సాక్సు మీద హవాయి చెప్పులు వేసుకుని, అంత పెద్ద కిటికీకి వీపు పెట్టి కూర్చునేవారు. ఆ రాత్రి అన్నాల దగ్గర మనవరాలికి చెప్పడం మొదలుపెట్టారు. కనపడని గొంతు పిలిస్తే వెంటనే పలక్కూడదు. మూడోసారి పిలిచాకే పలకాలి. ఆ మూడూ ఒక్కచోటి నుంచే రావాలి. నీళ్ళ దగ్గర ఉండేదానికి రెండుసార్లు పిలవడమే వచ్చు, మూడోది దానికి రాదు. అది మనకి తెలిసినవాళ్ళ గొంతుతోనే పిలుస్తుంది.

"అది అంటే ఏంటి నాయనమ్మా?" అంది పిల్ల, కళ్ళింతలు చేసుకుని.

"దానికి పేరు పెట్టకూడదమ్మా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పిల్లకి లేనిపోని భయాలు నూరిపోయకండి అత్తయ్యా. రేపు స్కూల్లో టీచర్ పిలిచినా పలకదు" అన్నాను. మా ఆయన తలవంచుకుని చారు తాగారు. తల్లికీ పెళ్ళానికీ మాటామాటా వచ్చినప్పుడల్లా ఆయనకి చారు మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొస్తుంది.

పిల్ల భయపడలేదు సరికదా, దానికో ఆట దొరికింది. మర్నాడంతా పిలిస్తే పలకదు. మూడోసారికి గానీ "ఊఁ" అనదు. వంటింట్లోంచి ఒకసారి పిలిచి, ముందుగదిలోకి వచ్చి ఇంకోసారి పిలిచానో, మంచం కింద నుంచి కేక. "అమ్మా, యూ మూవ్డ్! మళ్ళీ ఫస్ట్ నుంచి!" అత్తగారు పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. పిల్లకి ఒకటి తగిలిద్దామని చెయ్యి దురద పెట్టింది. నేర్పినావిడకి తగిలించలేం కదా అని ఊరుకున్నాను.

ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం పాలూ పెరుగూ అయిపోయాయని మా ఆయన కారేసుకుని వంతెన అవతల ఊళ్ళోకి వెళ్ళారు. అత్తగారు లోపల కునుకు తీస్తున్నారు. నేను పప్పుకి కుక్కర్ పెట్టాను. పిల్ల డెక్ మెట్ల కింద ఇసుకలో బకెట్టూ పారా పెట్టుకుని ఆడుతోంది. వంటింటి కిటికీలోంచి దాని ఎర్ర స్వెట్టరు కనపడుతూనే ఉంది. రెండు విజిల్స్ వచ్చాయి. ఇంకొకటి రానిచ్చి ఆపేద్దామని కుక్కర్ మీద కన్నేసి నిలబడ్డాను. అదీ వచ్చింది. పొయ్యి ఆపి తలెత్తేసరికి కిటికీలో ఎర్ర స్వెట్టరు లేదు. ఇసుకా లేదు, డెక్ కొయ్యలూ లేవు. అద్దానికి బయట నుంచి దూది అంటించినట్టుంది.

పొగమంచు అంత తొందరగా వస్తుందని నాకు తెలియదు. మెట్లు దిగి నాలుగడుగులు వేసి వెనక్కి చూస్తే ఇల్లు కనపడలేదు. చెయ్యి చాపితే నా వేళ్ళే మసకగా ఉన్నాయి. పేరు పెట్టి పిలిచాను. జవాబు లేదు. ఇసుకదిబ్బ ఎక్కి పిలిచాను. పక్కింటి కంచె దాకా పరుగెత్తి పిలిచాను. కాలికి ఏదో తగిలితే తడిమి చూశాను, దాని బకెట్టు. అందులో సగం దాకా తడి ఇసుక.

సముద్రం ఎటు ఉందో కూడా తెలియడం లేదు. చప్పుడు నాలుగువైపుల నుంచీ వస్తోంది. ముందురోజే ఆ నీళ్ళలో పాదం పెట్టి ఎముకలు జివ్వుమంటే వెనక్కి తీశాను. పెద్దవాళ్ళే కొయ్యబారిపోయే నీళ్ళవి. అందులో ఐదేళ్ళ పిల్ల. భయం నాకు కోపంగానే బయటికొస్తుంది. "ఎక్కడున్నావే! పలుకు! నా చేతిలో చచ్చావే ఇవాళ!" అని అటూ ఇటూ పరుగెత్తుతూ గొంతు చీరుకుపోయేలా అరిచాను. అరిచిన మాట నోటి ముందే ఆగిపోయినట్టుంది. ఏ దేవుడికి ఏం మొక్కుకున్నానో ఇప్పటికీ గుర్తు తెచ్చుకోలేను.

అప్పుడు ఎక్కడి నుంచో అత్తగారి గొంతు వినపడింది.

"అమ్మాయ్! తిరక్కు! ఒక్కచోట నిలబడి పిలువు!"

మనిషి కనపడలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, మైక్రోస్కోపు మనిషిని, ఒక్క క్షణం కదల్లేదు నేను. ఆ గొంతు ఆవిడదేనా అనుకున్నాను. రెండోసారి పిలిచారు. అప్పుడూ పలకలేదు. మూడోసారి, అదే చోటి నుంచి, "అమ్మాయ్, నిలబడి పిలవ్వే తల్లీ!" అన్నారు. అప్పుడు గానీ నాకు తట్టలేదు. ఇంతసేపూ నేను ఏ చోటా రెండుసార్లకి మించి పిలవలేదు. పిలుస్తూ తిరుగుతున్నాను. పిల్ల వింటూనే ఉండి ఉంటుంది, నాయనమ్మ చెప్పినట్టే బుద్ధిగా పలక్కుండా ఉంది.

పాదాలు ఇసుకలో తొక్కిపట్టి నిలబడ్డాను. ఒకసారి పిలిచి ఆగాను. అడుగు కదపకుండా రెండోసారి పిలిచాను. ఆ రెండోదానికీ మూడోదానికీ మధ్య ఎక్కడా ఏ చప్పుడూ లేదు, అల చప్పుడు కూడా ఆగిపోయిందనిపించింది. అంత భయం నేను జన్మలో ఎరగను. మూడోసారి పిలిచాను.

"ఊఁ" అంది.

ఎంతో దూరం లేదు. నాలుగైదు అంగల్లో అందుకున్నాను. నీళ్ళలో నిలబడి ఉంది, మోకాళ్ళ పైదాకా. వీపు నా వైపు ఉంది, మొహం సముద్రం వైపు. నేను పట్టుకుని ఎత్తుకునేదాకా ఇటు తిరగలేదు. బూట్ల నిండా నీళ్ళు, పెదాలు నీలం రంగు. ఏడవడం లేదు. నేనే ఏడ్చాను, పిల్లని గుండెకి అదుముకుని, అత్తగారి గొంతు పట్టుకుని మెట్ల దాకా నడుస్తూ.

వేడినీళ్ళు పోసి, తువ్వాళ్ళు చుట్టి, హీటర్ ముందు కూర్చోబెట్టాం. అత్తగారు ఉప్పూ ఎండుమిరపకాయలూ దిష్టి తీసి పొయ్యి మీద పడేస్తే ఇల్లంతా ఘాటు, అందరం దగ్గాం. నేను పల్లెత్తు మాట అనలేదు. మా ఆయన మంచులో మెల్లగా డ్రైవ్ చేసుకుంటూ వచ్చేసరికి నేను పిల్లకి పప్పన్నం కలిపి పెడుతున్నాను. జరిగింది విని ఆయన పాల డబ్బా పట్టుకునే కుర్చీలో కూలబడ్డారు.

"అన్నిసార్లు పిలిస్తే ఎందుకు పలకలేదే?" అని అడిగాను, ముద్ద నోట్లో పెడుతూ. అప్పటికి కోపం చల్లారింది.

"యూ వర్ మూవింగ్ అమ్మా. అక్కడ మాత్రం మూవ్ అవ్వలేదు."

"ఎక్కడ?"

అది కిటికీ వైపు చెయ్యి చూపించింది. మంచు కాస్త పలచబడింది. అటు నీళ్ళు తప్ప ఏమీ లేవు.

"అక్కడ నుంచి నువ్వు నైస్‌గా పిలిచావు. బంగారూ, బంగారూ అని. బీచ్ నుంచి మ్యాడ్‌గా పిలిచావు."

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. "ఎన్నిసార్లమ్మా?" అని అత్తగారే అడిగారు.

"టూ టైమ్స్. తర్వాత స్టాప్. మళ్ళీ టూ టైమ్స్. నేను కొంచెం కొంచెం దగ్గరికి వెళ్ళి వెయిట్ చేశా. థర్డ్ టైమ్ పిలిస్తే వచ్చేద్దామని."

మా ఆయన వెంటనే అందుకున్నారు. పొగమంచులో గొంతు ఎటు నుంచి వస్తోందో చెవికి తెలియదనీ, నా కేకలే పిల్లకి అటు నుంచి వచ్చినట్టు అనిపించి ఉంటాయనీ కాగితం మీద గీతలు గీసి చూపించారు. నేను తలూపాను. అంతే అయి ఉంటుంది. ఇంకేముంటుంది? కానీ నేను దాన్ని ముద్దొచ్చినప్పుడే బంగారూ అంటాను, ఆ మధ్యాహ్నం ఒక్కసారి కూడా అనలేదు. పేరు పెట్టి అరిచాను, తిట్టాను. ఆ మాట ఆయనకి చెప్పలేదు. అత్తగారి వైపు చూస్తే ఆవిడ నన్నే చూస్తున్నారు. "నేను చెప్పలేదూ" అంటారని ఎదురుచూశాను, అననే లేదు. లేచి పెట్టె సర్దడం మొదలుపెట్టారు.

మర్నాడు పొద్దున్నే, ఇంకా రోజులు మిగిలుండగానే ఇల్లు ఖాళీ చేశాం. తాళం వేస్తుంటే ఆవిడ అందరికీ గట్టిగా చెప్పారు, ఎవరూ వెళ్ళొస్తామని అనకండని. ఎక్కడికెళ్ళినా, శత్రువు ఇంటి నుంచైనా సరే, వెళ్ళొస్తామని చెప్పి లేచే వాళ్ళం మేము. ఆ ఇంటికి మాత్రం ఏమీ చెప్పకుండా కారెక్కాం. దారి పొడుగునా పిల్ల నా ఒళ్ళోనే పడుకుంది.

అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. మా అమ్మాయికి ఇద్దరు పిల్లలు, కమ్మింగ్ అనే ఊళ్ళో ఉంటారు. దానికి ఆ సముద్రం గురించి ఒక్క ముక్కా గుర్తు లేదు. నేను వెళ్ళినప్పుడు మనవల్ని అన్నానికి పిలవడం నా పని. ఒక్కచోట నిలబడి మూడుసార్లు పిలుస్తాను. "మొదటిసారికే వచ్చేశారుగా అమ్మా, ఇంకా ఎవర్ని పిలుస్తున్నావు?" అని నవ్వుతుంది మా అమ్మాయి. వాళ్ళు ఎదురుగా వచ్చి నిలబడ్డా సరే, మిగిలిన రెండుసార్లూ పిలిచే ఊరుకుంటాను. ఎంత కోపంలో ఉన్నా బంగారూ అనే పిలుస్తాను. నాకంటే మెత్తగా వాళ్ళని పిలిచే గొంతు ఇంకొకటి ఉండకూడదు.