మా నాన్న నాలుక

మా నాన్న ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంటమాస్టరు. మూడు వందల మందికి కూర దించే ముందు రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని ఉప్పు చూసేవాడు. ఆయన తల ఊపితే సరిపోయినట్టే. ముప్పై ఏళ్లలో ఆ తల ఒక్కసారి కూడా తప్పు ఊపలేదు. ఆ సంగతి ఆయనే రోజుకు రెండుసార్లు చెప్పేవాడు.

ఆయన యాభై రెండో ఏట ఫ్యాక్టరీలో అందరికీ ఆరోగ్య పరీక్షలు చేశారు. నాన్న చేతికి బీపీ పట్టీ చుట్టిన నర్సు అంకె చూసి, మళ్లీ చుట్టింది. పైన నూట ఎనభై, కింద నూట పది.

"తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. మీ మిషనే పాడైందమ్మా," అన్నాడు నాన్న.

మర్నాడూ, ఆ మర్నాడూ చూశారు. మిషన్ నిక్షేపంలా ఉంది. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది: రక్తం నాళాల గోడల్ని ఉండాల్సిన దానికన్నా గట్టిగా తోస్తోంది, చాలామందికి పైకి ఏమీ తెలియదు, పట్టించుకోకపోతే గుండె, మెదడు, కిడ్నీలు, కళ్లు దెబ్బతింటాయి. నానమ్మకూ బీపీ ఉండేది. దానికి నాన్న పొట్టా, ఉప్పూ తోడయ్యాయి. మాత్ర రోజూ వేసుకోవాలి, ఒంట్లో బాగున్నా మానకూడదు.

అమ్మ ఆ రోజే ఉప్పు డబ్బాను పై అరలోకి ఎక్కించింది. నాన్న గొణుక్కుంటూనే తిన్నాడు. రెండు నెలలకు బీపీ దారికొచ్చింది. సరిగ్గా అప్పుడే క్యాంటీన్‌లో పళ్లేలు సగం కూరతో తిరిగి రావడం మొదలైంది.

"ఏంటి మాస్టారూ, ఇంత చప్పగా ఉంది?"

నాన్న మళ్లీ రుచి చూశాడు. ఆయనకు సరిగ్గానే ఉంది. ఆ రోజు ఇంటికొచ్చి అద్దం ముందు నాలుక చాపి చూసుకున్నాడు.

మాత్రే తన నాలుకను చంపేస్తోందని ఆయన తీర్మానించుకున్నాడు. మాకు చెప్పకుండా మానేశాడు. క్యాంటీన్‌లో దిట్టంగా ఉప్పేసుకుని తినేవాడట. నెల తిరిగేసరికి పళ్లేలు ఖాళీ అయ్యాయి, ఆయన ముఖం వెలిగింది. పిచ్చిమొహాలం, అదంతా మందు గుణమని మేం మురిసిపోయాం.

ఒక ఉదయం పొయ్యి దగ్గర గరిటె చేతిలోంచి జారిపోయింది. కుడిచెయ్యి లేవలేదు, మూతి వంకరపోయింది, మాట ముద్దముద్దగా వచ్చింది. కూరగాయలు తరిగే అక్క క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లింది. అదృష్టం బాగుండి గంటలో చెయ్యీ మాటా తిరిగొచ్చాయి. పక్షవాతం ఈసారికి వదిలిందనీ, మళ్లీ వదులుతుందని మాత్రం చెప్పలేననీ అంది డాక్టరమ్మ.

మాత్రలు మానేశాడని తెలిసి నాకు ఒళ్లు మండింది. కడిగిపారేద్దామనే మంచం పక్కన కూర్చున్నాను.

"ఎందుకు నాన్నా ఇలా చేశావు?"

"నాలుక పోతే ఇంక నేనెవర్ని తల్లీ?"

ఆయన ఏడవగా చూడటం నాకదే మొదలు. నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాను.

క్యాంటీన్ సంగతంతా చెబితే డాక్టరమ్మ నవ్వలేదు. అందుకే ఆవిడంటే నాకు ఇప్పటికీ ప్రేమ.

"మీ నాలుకకేం కాలేదండీ. కొన్ని వారాలు ఉప్పు తగ్గిస్తే నాలుక కాస్త ఉప్పును కూడా బాగా పసిగడుతుంది. మీకు సరిపోయింది వాళ్లకు చాల్లేదు, అంతే. మాత్ర వల్ల రుచి మారిందనిపిస్తే చెప్పండి, వేరేది ఇస్తాను. మీ అంతట మీరు మానెయ్యకండి."

నాన్న నమ్మినట్టు లేదు. అయినా మాత్ర మింగాడు. క్యాంటీన్‌లో ఉప్పు చూసే పని కూరగాయల అక్కకు అప్పగించాడు. ఇంట్లో తల వంచుకుని తినేవాడు, ఏం పెట్టినా బాగుందనేవాడు. ఆ మాట వింటే అమ్మకు భయమేసేది.

ఆరు వారాల తర్వాత ఒక ఆదివారం, అమ్మ చేసిన చప్పిడి కూర ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు.

"ఉల్లిపాయ అడుగున కాస్త మాడింది. పైపైన తీసి వేరే గిన్నెలోకి మార్చావు. అవునా?"

నిజమే, నేను కళ్లారా చూశాను. తింటే మాత్రం నాకేమీ తెలియలేదు.

తన వంటకు వంక పెడితే ఊరుకునే మనిషి కాదు మా అమ్మ. ఆ రోజు గరిటె పక్కన పెట్టి, కళ్లు తుడుచుకుని, ఆయన ఎదురుగా కూర్చుంది.

"అవునయ్యా, మాడింది. ఇంకా ఏం తెలుస్తోందో చెప్పు."