వేణ్ణీళ్ళ బాబాయ్

గుంటూరు మిర్చి యార్డులో మా టిక్కీల, అదే మిరపకాయ బస్తాల, పక్కన కాస్త నీడ చూసుకుని కూర్చున్నప్పుడు మా ఊరి మెకానిక్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, పరుపుల బాబాయ్ పోయాడ్రా. తెల్లారి నమాజు చేసుకుని, మంచం మీద కూర్చుని టీ అడిగాడంట. టీ తెచ్చేలోపే..." అని ఆగిపోయాడు. యార్డులో ఆ ఘాటుకి అందరికీ కళ్ళవెంట నీళ్ళు కారుతూనే ఉంటాయి. అందుకని నన్నెవరూ ఏమైందని అడగలేదు.

ఆయన నాకు చుట్టం కాదు, పక్కింటాయన. మా నాన్నని అన్నయ్యా అని పిలిచేవాడు కాబట్టి నాకు బాబాయ్ అయ్యాడు. దూది ఏకి పరుపులు కుట్టడం వాళ్ళింటి పని. మా ఊళ్ళో ఆయన కుట్టిన పరుపు లేని ఇల్లు వెతికినా దొరకదు. దూదిని గుప్పిట్లో నొక్కి వదిలి, అది లేచే తీరు చూసి "ఇది వాన తగిలిన పత్తిరా" అనేవాడు. అమ్మినవాడు ఎన్ని ఒట్లు వేసినా వినేవాడు కాదు.

శుక్రవారం మాత్రం పని ముట్టుకునేవాడు కాదు. జుమ్మా నమాజు అయ్యాక గాలం తీసుకుని ఊరి చివర వాగు మీది చప్టా దగ్గరికి వచ్చేసేవాడు. అక్కడ మేం నలుగురం: బాబాయ్, రిటైరైన పోస్టుమ్యాన్ గారు, ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్, నేను. మా ముగ్గురికీ వెదురు కర్రలు, బెండ్లు, బోలెడు హడావుడి. ఆయనకు కర్రా లేదు, బెండూ లేదు. దారం చూపుడువేలికి రెండు చుట్లు చుట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఏళ్ళ తరబడి దూది ఏకిన వేలు అది. నీళ్ళు లాగుతున్నాయో, చేప లాగుతోందో దానికి తెలిసేది. "బొమ్మిడాయి ముందు అనుమానపడుతుందిరా, తర్వాత తింటుంది. దాని అనుమానం తీరేదాకా నువ్వు ఊపిరి కూడా పీల్చకూడదు" అనేవాడు. గుడ్లతో ఉన్న చేప పడితే చేతి బరువుతోనే గుర్తుపట్టి మళ్ళీ నీళ్ళలో వదిలేసేవాడు. మెకానిక్ లబలబలాడేవాడు.

బొమ్మిడాయిలు ఎండాకాలమంతా చప్టా కింది మడుగులో, బురదలో దాక్కునేవి. తొలకరికి మొదటి నీళ్ళు పారగానే వాగుకి ఎదురెక్కేవి. ఆ వారం ఊళ్ళో ఏ ఇంటి ముందు నడిచినా మామిడికాయ వేసిన చేపల పులుసు వాసనే. ఇప్పుడు ఆ చేప కనబడటం లేదు. కొత్తపట్నం నుంచి ఆటోలో వచ్చే సముద్రపు చేపలు కొనుక్కుంటున్నాం. చప్టా మీద మేం చేపలు పట్టడం తగ్గిపోయి, అవి ఎందుకు లేవో వాదించుకోవడం ఎక్కువైంది.

"కాలవలకి సిమెంటు పోశారండీ. బురద లేకపోతే అదెక్కడ దాక్కుంటుంది?" అనేవారు పోస్టుమ్యాన్ గారు.

"సిమెంటూ కాదు, నా మొహమూ కాదు. బ్యాటరీలతో కరెంటు పెట్టి ఊడ్చేస్తున్నారు" అనేవాడు మెకానిక్.

నేను నెపం వానల మీదికి తోసేవాణ్ణి. వానలు నోరు తెరిచి కాదనవు కదా.

ఒకప్పుడు ఇలాంటి వాదన ఏదొచ్చినా చివరికి అందరం బాబాయ్ వంక చూసేవాళ్ళం. చేపల విషయంలో ఆయన మాటకి మా ఊళ్ళో తిరుగుండేది కాదు. ఆ మాటకి విలువ లేకుండా చేసినవాణ్ణి నేను. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నల్ల తామర పురుగు మిరప చేల మీద పడిన ఏడాది జరిగిందది. పూత పూతంతా పాడైపోయింది. ఎవరు ఏ మందు చెబితే అది కొట్టాను. రెండు మూడు కలిపి కూడా కొట్టాను. మాఘమాసంలో ఒకరోజు, ఇంకా పొద్దుండగానే, మిగిలిన మందు ఏం చెయ్యాలో తోచక, చేను మీది కోపం ఎక్కడ చూపించాలో తెలియక, డ్రమ్ము తెచ్చి చప్టా కింది మడుగులో కుమ్మరించాను. అక్కడే కడిగాను కూడా. తలెత్తితే చప్టా మీద సైకిల్ పట్టుకుని బాబాయ్. వెనక దూది మూట. ఆయన తిట్టలేదు. "ఇంటికెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కో అబ్బాయ్. ఈ నీళ్ళు ఇంక ముట్టుకోకు" అన్నాడు. సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు.

తెల్లారేసరికి మడుగంతా చచ్చిన చేపలు తేలాయి. వేలెడు పిల్లల దగ్గర్నుంచి జానెడు తల్లుల దాకా. జనం పోగయ్యారు. ఎవడు చేశాడో తెలిస్తే కాళ్ళు విరగ్గొడతానని మెకానిక్ ఒడ్డున నిలబడి అరుస్తున్నాడు. నేను ఆ గుంపులోనే ఉన్నాను.

"బాబాయ్, నిన్న నువ్వీ దారినేగా వచ్చింది! ఎవరన్నా కనిపించారా?" అని మెకానిక్ అడిగాడు.

బాబాయ్ వంగి ఒక చేపని చేతిలోకి తీసుకున్నాడు. "ఎవరూ ఏం చెయ్యలేదురా. మడుగులో నీళ్ళు తగ్గాయి కదా, వేడెక్కాయి. ఆ వేడికి చచ్చాయి" అన్నాడు.

ఆయన అబద్ధం ఆడగా నేను విన్నది ఆ ఒక్కసారే. అదీ ఎంత చేతగాని అబద్ధం! వాగు మీద మంచు ఇంకా విడలేదు. మేమందరం దుప్పట్లు కప్పుకునే ఉన్నాం. గుంపులో నవ్వులు మొదలయ్యాయి. ఆ రోజు నుంచి ఆయన వేణ్ణీళ్ళ బాబాయ్ అయ్యాడు.

"బాబాయ్, వాగులో చెయ్యి పెట్టి చూడు, స్నానానికి కాగాయా?" అని మెకానిక్ వారం వారం అడిగేవాడు. చేపల సంగతి ఆయన్ని అడగడం అందరూ మానేశారు. ఎప్పుడైనా ఆయనే నోరు తెరిస్తే "సర్లే బాబాయ్, వేణ్ణీళ్ళేగా" అని మాట మార్చేసేవాళ్ళు. ఆయన చిన్నగా నవ్వి దారం సర్దుకునేవాడు. నేనూ నవ్వాను. నలుగురితో పాటు నవ్వకపోతే ఎక్కడ బయటపడతానో అని నవ్వాను.

చేపలు చచ్చిన కొత్తలో కొన్నాళ్ళు చప్టా వైపు పోవడమే మానేశాను. ఒక శుక్రవారం ఆయన మా గుమ్మంలోకి వచ్చి చిన్న దూది దిండొకటి నా ఒళ్ళో పడేశాడు. చప్టా గట్టు మీద వేసుకుని కూర్చోడానికి తనకొకటి కుట్టుకున్నాడు, నాకొకటి కుట్టాడు. "రా. నీ చోటు ఖాళీగా ఉంటే అందరూ ఆలోచించడం మొదలెడతారు" అన్నాడు. ఆ దిండు మీద కూర్చున్నంత ఇబ్బందిగా నేను ఏ ముళ్ళ మీదా కూర్చుని ఉండను.

పోయినేడాది ఎండాకాలం, చప్టా మీద మేమిద్దరమే ఉన్నప్పుడు, ఇక ఉండబట్టలేక అడిగేశాను. "ఎందుకు బాబాయ్, నా కోసం అందరిచేతా మాటలు పడటం?"

దారం వేలికి చుట్టుకుంటూ అన్నాడు. "ఆ రోజు చెబితే మన మెకానిక్ నిన్ను కొట్టేవాడు. దెబ్బ తిన్నవాడు దెబ్బ గురించే ఆలోచిస్తాడు, తప్పు గురించి ఆలోచించడు." గాలం నీళ్ళలోకి వదిలాడు. "నువ్వొక్కడివే చంపావనుకోకు. సిమెంటూ ఉంది, కరెంటూ ఉంది. కానీ డ్రమ్ము సంగతి నీ నోటితో నువ్వు చెబితే, ఇంకో నలుగురు మడుగులో కడగబోయేముందు ఆగుతారు. నేను చెబితే చాడీ కింద పోతుంది."

"చెప్తాను బాబాయ్. ఈ తొలకరికి అందరి ముందూ చెప్తాను" అన్నాను.

తొలకరి వచ్చింది. నేను చెప్పలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది గానీ, అది కూడా ఆయన మీదికి తోసెయ్యడమే.

యార్డు నుంచి నేను ఊరు చేరేసరికి జనాజా లేవబోతోంది. నేనూ భుజం పట్టాను. మట్టి వేశాక మెకానిక్ చేతులు దులుపుకుంటూ, ఏడుస్తూనే, "మనిషి బంగారంరా. పాపం, ఆ వేణ్ణీళ్ళ మాట మాత్రం చివరిదాకా వదల్లేదు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు. అక్కడ కూడా నేను నిజం చెప్పలేదు.

మొన్న శుక్రవారం వాగుకి కొత్త నీళ్ళు వచ్చాయి. చప్టా మీద ఇద్దరికీ చెప్పేశాను. మందు, డ్రమ్ము, సైకిలు, దూది మూట, అన్నీ. మెకానిక్ చెయ్యి చేసుకుంటాడనుకున్నాను. చేసుకున్నా బాగుండేది. నీళ్ళ వంక తిరిగాడు. "స్నానానికి కాగాయా అని అడిగేవాణ్ణిరా" అన్నాడు. "అంత పెద్దమనిషిని పట్టుకుని, వారం వారం అడిగేవాణ్ణి." పోస్టుమ్యాన్ గారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

ఇది చదివేవాళ్ళకి కూడా చెబుతున్నాను. మా మడుగులో నీళ్ళు ఏనాడూ వేడెక్కలేదు. ఆ సంగతి అందరికంటే ముందు తెలిసింది మా బాబాయ్‌కే.

ఆ శుక్రవారం, పిన్ని ఇచ్చిన బాబాయ్ దిండు, గాలపు దారం నా సంచిలో ఉన్నాయి. మెకానిక్ వాటిని తీసుకుని, దిండు దులిపి బాబాయ్ కూర్చునే చోట వేశాడు. గాలానికి ఎర గుచ్చి నీళ్ళలో వదిలి, దారం కొసని గట్టు మీది ఇనప చువ్వకి రెండు చుట్లు చుట్టాడు. ముగ్గురం ఆ దిండుకి ఇటూ అటూ కూర్చున్నాం. కాసేపటికి దారం బిగిసింది. వదులైంది. మళ్ళీ బిగిసింది. నీళ్ళు లాగుతున్నాయో, చేప లాగుతోందో మాలో ఎవరికీ తెలియలేదు. ఊపిరి బిగబట్టి చూస్తూ కూర్చున్నాం. ఆ దారం మీద ఎవరమూ చెయ్యి వెయ్యలేదు.