ఆదాయ పత్రం మీద పసుపు బొట్టు

మాదాపూర్‌లో కుర్రకారుకు చదువుల గురించి ఉచితంగా సలహాలిచ్చే కేంద్రాన్ని నిధులు ఆపేసి మూసేశారు. ఇంట్లోనే చదువుకున్న నాతో ఓపెన్ స్కూల్ ఫీజు కట్టించి పరీక్ష రాయించింది అక్కడ పనిచేసే అక్కే. దీపం పెట్టినప్పుడల్లా ఆమెను తలుచుకుంటాను.

మొన్న పక్కింటి అమ్మాయి ఏడుస్తూ వచ్చింది. స్కాలర్‌షిప్ దరఖాస్తు తిరస్కరించారట. వాళ్లమ్మ భక్తితో ఆదాయ పత్రానికి పసుపు బొట్టు పెడితే, స్కాన్‌లో పత్రం నంబరు కనిపించలేదు.

"గడువు అయిపోయింది. ఇగ నా కాలేజీ బందే, అక్కా."

కేంద్రంలో ఆ అక్క ఉంటే దరఖాస్తు పంపకముందే చూసి, "బొట్టు దేవుడికి పెట్టమ్మా, సర్కారు కాగితానికి గాదు" అని నవ్వి, కొత్త పత్రం తెప్పించేది. కేంద్రం మూసినవాళ్లేమో సలహాలన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. చూసి చెప్పే మనిషిని తీసేసినవాళ్లు హాయిగా ఉన్నారు. ఆ తల్లి మాత్రం తప్పంతా తనదేనని దేవుడి ముందు లెంపలేసుకుంటోంది.