మా అమ్మకి మాత్రం పింగాణీ కప్పు

మా చిన్నప్పుడు... ఆదివారం మధ్యాహ్నం అన్నాలవగానే మా అమ్మ గంజి పెట్టిన చీర కట్టుకుని, నా జడ నొప్పెట్టేలా బిగించి, రాజేశ్వరి గారి క్వార్టరుకి బయల్దేరేది. ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా వీధి ఆడవాళ్ల పుస్తకాల క్లబ్బు అక్కడే... ఆవిడ వరండాలో.

ఆవిడ హెడ్‌క్లర్కు గారి భార్య. గారు అని ఇప్పటికీ అంటున్నాను... అలవాటు, అంతే.

బెంగాల్లో తెలుగు నవల దొరకడమే గగనం. ఎవరో ఊరెళ్లి తెచ్చిన ఒక్క పుస్తకాన్ని వారానికొకరు పైకి చదవాలి, మిగతావాళ్లు చాప మీద కూర్చుని వినాలి. వంతు వచ్చినవాళ్లు ముందుగా పుస్తకం ఇంటికి తెచ్చుకోవచ్చు.

ఆ ఏడు పట్టిన నవల వేసవి సెలవులకి అమ్మమ్మ గారింటికి వెళ్లిన పిల్లల కథ. మామిడి తోట, మేడ మీద పడకలు, వెన్నముద్దలు... మీరంతా "ఆహా మన బాల్యం" అని పెడుతుంటారే, అదే సరుకు. మొన్న మన గ్రూపులో ఎవరో "అలాంటి నవల ఒకటి అందరం కలిసి చదువుదామా" అన్నారు. అది చూసి ఒళ్లు మండి రాస్తున్నాను.

మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. మేం చర్చికెళ్లే వాళ్లం. సెలవులొస్తే అందరూ రైల్వే పాసులు రాయించుకుని ఊళ్లకెళ్లేవారు... మేం మాత్రం ఎక్కడికీ కదిలేవాళ్లం కాదు. "మనకి ఊరు లేదా అమ్మా" అని అడిగితే, "మా తాత ఒదిలొచ్చేసినాడు. ఇప్పుడా ఊసెందుకు" అనేది.

ఊరు లేని మా అమ్మకి ఆ క్లబ్బంటే ప్రాణం. వారమంతా ఆదివారం కోసమే బతికేది.

చదువు మధ్యలో టీ వచ్చేది. అందరికీ స్టీలు గ్లాసులు... మా అమ్మకి మాత్రం బంగారు అంచున్న గులాబీ పూల పింగాణీ కప్పు. నాకెంత గర్వమో... మా అమ్మంటే రాజేశ్వరి గారికి ప్రత్యేకమైన అభిమానమని బళ్లో కూడా చెప్పుకున్నాను.

అమ్మ వంతు వచ్చింది. పుస్తకం తెచ్చుకుని, రోజూ సాయంత్రం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివి చూసుకునేది. ఒకరోజు ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. పుస్తకం మూసేసి బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. తలనొప్పేమో అనుకున్నాను.

ఆదివారం మాత్రం ఎప్పట్లాగే వెళ్లాం. అమ్మ చదవడం మొదలుపెట్టి ఆ పేజీ దాకా వచ్చింది. పాలేరు కూతురు దొడ్డిగుమ్మం బయట నిలబడి దోసిలి పడుతుంది. అమ్మమ్మ చెయ్యి తగలకుండా పైనుంచి మజ్జిగ పోస్తుంది. పిల్ల గటగటా తాగి నవ్వుతుంది. అమ్మమ్మది ఎంత వెన్నలాంటి మనసో అని రాసినాయన మురిసిపోతాడు.

రాజేశ్వరి గారు కొంగుతో కళ్లొత్తుకున్నారు. "ఆ రోజులే వేరు. ఎంత ఆప్యాయతలు..."

"ఆ పిల్ల పేరేటండి?" అని అడిగింది అమ్మ.

"ఏ పిల్ల?"

"మజ్జిగ తాగిన పిల్లండి. పుస్తకమంతా ఎతికినాను. అందులో పిల్లిక్కూడా పేరుంది. ఈ పిల్లకి నేదు."

"కథలో అందరికీ పేర్లుంటాయా శాంతమ్మా? నువ్వు చదువు."

"మా అమ్మ అలాగే తాగీది. అది సూడనేకే మా తాత దాన్ని తీసుకుని రైలెక్కేసినాడు."

అంతలో టీ వచ్చింది... గ్లాసులూ, మా అమ్మ కప్పూ. అమ్మ కప్పు ముట్టుకోలేదు.

"నాకూ గలాసులో ఇయ్యండి," అంది నెమ్మదిగా.

"గ్లాసులు చాలవమ్మా. అయినా అంత మంచి కప్పిస్తుంటే..."

పళ్లెంలో రెండు ఖాళీ గ్లాసులు బోర్లించి ఉన్నాయి. అందరూ చూశారు. ప్రతి క్రిస్మస్‌కీ మా ఇంటి కేకు తిని మెచ్చుకునే పక్కింటి సరోజిని పిన్ని కూడా చూసింది... చూసి, చేతిలో అల్లుతున్న దారం మీదకి తల వంచేసుకుంది.

అప్పుడర్థమైంది నాకు, ఆ కప్పు మా అమ్మకే ఎందుకో. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"సరదాగా చదువుకునే చోట ఇవన్నీ తవ్వుతావేం? అసలు మీవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోవడమే..." అని ఆగిపోయారు రాజేశ్వరి గారు.

అమ్మ టీ పూర్తిగా తాగింది. కప్పుని కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. "పట్టుకో. ఇది మనదే. ఇంకెవులూ తాగరు కదా."

ఇద్దరం ఇంటికొచ్చేశాం. చాలా ఏళ్లు ఆ కప్పులో అరిగిపోయిన సబ్బు ముక్కలు వేసుకున్నాం. అమ్మ మళ్లీ ఆ క్లబ్బుకి పోలేదు. ఇంట్లో తెలుగులో ఉన్నది బైబిలొక్కటే... దాన్నే మళ్లీ మళ్లీ చదువుకుంది. ఆ ఆదివారాలు ఆవిడకి పోయినందుకు నాకింకా కోపమే.

ఇప్పుడెక్కడ చూసినా కాగితం కప్పులే, కాలం మారిపోయిందంటారు. మీ నవలల్లో మాత్రం ఆ పిల్ల దొడ్డిగుమ్మం బయట అలాగే దోసిలి పట్టుకుని నిలబడి ఉంది.

మీ సెలవుల ముచ్చట్లు రాయండి, చదువుతాను. మామిడిపళ్లూ వెన్నముద్దలూ అన్నీ రాయండి... మీ దొడ్డిగుమ్మం బయట నిలబడ్డ పిల్ల పేరు కూడా రాయండి. తెలియకపోతే తెలియదనే రాయండి.

మా అమ్మమ్మ పేరు మరియమ్మ.