ఎండు వాగు దగ్గర ఆగే అంకుల్

టెక్సాస్ చివర, మెక్సికో సరిహద్దు ఎడారిలో డాక్టర్ అంకుల్ ఒంటరిగా ఉండేవారు. ఏ ఎండు వాగు ఎదురైనా కారు ఆపి, ఇంజన్ కట్టేసి, అద్దం దించి చెవులు రిక్కించేవారు. నేను వెళ్లినప్పుడూ అలాగే ఆపారు.

"స్కై అంతా క్లియర్‌గా ఉంది కదా అంకుల్?"

"వాన ఇక్కడ పడక్కర్లేదమ్మా, ఆ కొండల్లో పడితే చాలు, వాగు పొంగుతుంది. అప్పుడూ ఇలాంటి ఎండే. మీ ఆంటీ ఫోటోస్ కోసం వాగులోకి దిగింది. నేను ఏసీ వేసుకుని కార్లో కూర్చున్నా. ఏమీ వినపడలేదు."

ఆంటీ దొరకనేలేదని అమ్మ ఎప్పుడో చెప్పింది.

అంతలో దూరంగా రాళ్లు దొర్లుతున్న చప్పుడు వినిపించింది. చూస్తుండగానే ఎర్రటి నీళ్లతో వాగు నిండిపోయింది. ఆయన కారు దిగి ఒడ్డుదాకా నడిచారు. నీళ్లవైపు చెయ్యి చాచి, ఆంటీని పేరు పెట్టి పిలిచారు.

"పైకి రా. తొందరగా పైకి రా."

నీళ్లు తగ్గేదాకా పిలుస్తూనే ఉన్నారు.